మూడు సార్లు తిరిగితే రెండు నిమిషాలు చూశారు. చర్మం డాక్టరు కోసం మీరెంత సేపు కూర్చున్నారు?

అల్లూరు_వాసి · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది అల్లూరు దగ్గర పల్లె. అమ్మకి నాలుగు నెలలుగా నడుం చుట్టూ, తొడల మీద తామర. రొయ్యల గుంటల దగ్గర పని, పొద్దస్తమానం తడి చీరే. నెల రోజుల్లో మూడు సార్లు పెద్దాసుపత్రికి తీసుకెళ్లా. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని అడగొద్దు, రాయను.

మొదటిసారి ఆరున్నర బస్సెక్కి తొమ్మిదింటికి చేరాం. ఓపీ చీటీ చేతికొచ్చేసరికి పదింపావు. చర్మ విభాగం ముందు బెంచీలన్నీ నిండి, జనం గోడకానుకుని నిలబడి ఉన్నారు. పన్నెండున్నరకి ఒకామె బయటికొచ్చి "మిగతా వాళ్లు రేపు రండి" అంది. మేం మిగతా వాళ్లలో ఉన్నాం. రెండోసారి వెళితే డాక్టరుగారు క్యాంపుకెళ్లారని తలుపు మీద కాగితం. మూడోసారి చూశారు. అమ్మ సిగ్గుపడుతూ కొంగు సర్దుకునేలోపే చీటీ రాసేశారు. రెండు నిమిషాలు పట్టిందేమో.

మాత్రలు పదిహేను రోజులు వాడింది, పెద్దగా తగ్గలేదు. మూడు రోజుల కూలి పోయిందని ఇప్పుడు నా మీద విసుక్కుంటోంది. ప్రైవేటుకి తీసుకెళ్లాలా, చెన్నై పోవాలా? మీకెంత సేపు పడుతోంది?

పెన్నా గట్టు · సోమవారం, రాత్రి 9:34

అబ్బయా, ప్రైవేటులో త్వరగా అయిపోతుందనుకుంటున్నావా? నెల్లూరు పొగతోట సందుల్లో ఒక క్లినిక్‌కి మా ఆవిడని తీసుకెళ్లా. ఫోన్‌లో అపాయింట్‌మెంటు ఐదు గంటలకిచ్చారు, లోపలికి పిలిచింది ఎనిమిదింటికి. ఏసీ ఉంది, టీవీ ఉంది, అంతే తేడా. మొటిమలకి, జుట్టుకి, లేజర్‌కి వచ్చిన వాళ్లు ముందు పోతున్నారు. దురదతో వచ్చినవాడు గోక్కుంటా కూర్చోవాల.

ఒంగోలు గిత్త · సోమవారం, రాత్రి 10:02

అదే కదా నేను ఎప్పట్నుంచో మొత్తుకునేది. చర్మం చదివినోళ్లంతా ముఖానికి నునుపు పెట్టే పనిలో పడ్డారు. గజ్జికి, తామరకి దిక్కు లేదు. సర్కారుకి పట్టదు. మా అన్న చీమకుర్తిలో గ్రానైట్ పలకలు కోసే చోట పని చేస్తాడు. సిమెంటు, రాతి బురద తగిలి చేతులు పగిలి రక్తం కారుతుంటే ఎవరు చూశారు? మూడు చోట్లా "అలర్జీ" అని ఒక్క ముక్క చెప్పి పంపించారు.

మందులషాపు మావ · సోమవారం, రాత్రి 10:20

అల్లూరు తమ్ముడూ, ఒక మాట నిజం చెప్పు. ఆసుపత్రికి వెళ్లకముందు అమ్మ ఏ ట్యూబు రాసింది?

అల్లూరు_వాసి · సోమవారం, రాత్రి 10:26

షాపులో అడిగి తెచ్చుకున్నదే. దురదకి అంటే ఇచ్చారు. రాసిన రెండో రోజుకే చల్లబడింది. ఆపితే మళ్లీ వచ్చింది, మళ్లీ తెచ్చింది. తర్వాత పక్కింటావిడ ఇంకోటి మంచిదని చెబితే అదీ.

మందులషాపు మావ · సోమవారం, రాత్రి 10:51

అనుకున్నా. నేను ఇరవై ఏళ్లుగా ఈ కౌంటరు వెనకే నిలబడ్డా, కాబట్టి నా తప్పు కూడా ఒప్పుకుంటా. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటివి. దాంతోపాటు ఫంగస్ మందొకటి, బ్యాక్టీరియా మందొకటి కలిపి మూడు నాలుగు మందుల కిచిడీ చేసి అమ్ముతారు. స్టెరాయిడ్ దురదని, ఎరుపుని అణచేస్తుంది. తామర మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. గుండ్రంగా అంచు కట్టి ఉండాల్సిన మచ్చ ఆకారం కోల్పోయి ఎటుపడితే అటు పాకుతుంది. అప్పుడు డాక్టరు చూసినా ఇదేంటో చప్పున తేల్చలేడు.

2018లో కేంద్రం ఇలాంటి పూతమందులు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా అంటే, మీకే తెలుసు. నేను మానేశాను. ఎదురు షాపువాడికి నా బేరం కూడా పోయింది.

కందుకూరు కోడలు · మంగళవారం, ఉదయం 6:15

మా అత్తమ్మ సంగతి చెప్తాను. గుండెకి ఒక పక్కన మంట మొదలై రెండో రోజుకి నీటిపొక్కులు లేచాయి. అక్కి అన్నారు. ఊళ్లో కుమ్మరాయన దగ్గరికి తీసుకెళ్లి జాజు పూయించి, మీద సింహం బొమ్మ గీయించారు. నేను కోడల్ని, నా మాట ఎవరు వింటారు? చర్మం డాక్టరుకి అపాయింట్‌మెంటు అడిగితే తొమ్మిది రోజుల తర్వాత ఇచ్చారు. సరే అని ఆగాం. తీరా వెళ్తే ఆయన "మొదటి మూడు రోజుల్లో తెచ్చుంటే మందు బాగా పనిచేసేది, ఇప్పుడు నొప్పికి ఇస్తాను" అన్నారు. పొక్కులు ఎండిపోయి ఎనిమిది నెలలైంది. జాకెట్టు తగిలినా ఇప్పటికీ అత్తమ్మ విలవిల్లాడుతుంది.

ఆ తొమ్మిది రోజులకి ఎవరిని అనాలో నాకు తెలియదు. అపాయింట్‌మెంటు ఇచ్చిన అమ్మాయి పొక్కులున్నాయా అని కూడా అడగలేదు.

చర్మవైద్య_పీజీ · మంగళవారం, రాత్రి 11:40

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో డీవీఎల్ చదువుతున్నా. ఎక్కడో చెప్పను, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే అనుకోండి. బల్లకి అవతలి వైపు సంగతి కొంచెం చెప్తా, కోపంతో కాదు.

డీవీఎల్ అంటే చర్మం ఒక్కటే కాదు. సుఖవ్యాధులు, కుష్టు కూడా మావే. పొద్దున ఓపీలో కొత్తవాళ్లు, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు, ఇతర వార్డుల నుంచి "ఒకసారి వచ్చి చూడండి" అనే పిలుపులు, బయాప్సీలు అన్నీ అదే మూడు గంటల్లో. అల్లూరు అన్నా, రెండు నిమిషాలు అన్నావు. చర్మం కంటికి కనబడే జబ్బు కాబట్టి చూడటానికి చాలాసార్లు రెండు నిమిషాలు సరిపోతాయి. చెప్పడానికే పది కావాలి. తామరకి మాత్రలు ఎన్ని వారాలు, మచ్చ పోయాక కూడా ఎందుకు కొనసాగించాలి, తువ్వాలు ఎందుకు పంచుకోకూడదు, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరికీ ఒకేసారి ఎందుకు వైద్యం చెయ్యాలి. ఆ పది నిమిషాలు మా దగ్గర లేవు. మీ అమ్మగారి మందు తప్పు కాకపోవచ్చు, వివరం అందకపోయి ఉండొచ్చు. ఇప్పుడు మామూలు మందుకి లొంగని తామర కూడా ఎక్కువగానే చూస్తున్నాం. ఏదైనా పదిహేను రోజుల్లో తీర్పు చెప్పడం తొందరే.

కందుకూరు అక్కా, అక్కి విషయంలో చర్మం డాక్టరే కావాలని లేదు. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు కూడా అక్కి మాత్రలు రాయగలరు. పొక్కులు కనపడ్డ 72 గంటల్లో మొదలుపెడితే మంచిది. అదే కన్ను చుట్టూ గానీ ముక్కు కొన మీద గానీ వస్తే అదే రోజు కంటి డాక్టరుకి చూపించాలి.

ఒంగోలు గిత్త · బుధవారం, ఉదయం 7:05

డాక్టరుగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. మరి డాక్టర్లని పెంచరేం? మండలానికొకరు ఉంటే ఈ గోల ఉండదు కదా.

చర్మవైద్య_పీజీ · బుధవారం, మధ్యాహ్నం 3:18

మండలం దాకా ఎందుకు, పీహెచ్‌సీకి పైమెట్టు సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) సంగతే చూడండి. కేంద్ర ప్రమాణాల ప్రకారం సీహెచ్‌సీలో తప్పనిసరిగా ఉండాల్సిన స్పెషలిస్టులు జనరల్ ఫిజీషియన్, సర్జన్, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు. చర్మం ఆ జాబితాలో లేదు. ఏరియా ఆసుపత్రిలో ఎవరైనా ఉంటే మీ అదృష్టం. అందుకే కనిగిరి నుంచి, ఉదయగిరి నుంచి, సముద్రం పక్క పల్లెల నుంచి అందరూ జిల్లా కేంద్రంలో ఒకే తలుపు ముందు కూర్చుంటున్నారు. లేజర్ల గురించి మీరన్నది అబద్ధం అనను. నా బ్యాచ్‌లోనే సగం మంది దాని గురించే మాట్లాడుకుంటారు. చదువుకి అప్పులు చేసిన వాళ్లున్నారు, వాళ్లని నేను తిట్టలేను.

మీ అన్నకి మాత్రం "అలర్జీ" అన్న ఒక్క ముక్క సరిపోదు. సిమెంటులోని క్రోమియంతో వచ్చే అలర్జీ ఒకటుంది. ప్యాచ్ టెస్టు చేస్తే తేలుతుంది. వీపు మీద అతికించి 48 గంటలకి తీస్తారు, ఆ తర్వాత మళ్లీ చూస్తారు. అంటే కనీసం మూడు రాకపోకలు. పని మానేసి మూడు సార్లు రమ్మంటే ఎవరొస్తారు? అక్కడే ఆగిపోతుంది.

నిర్వాహకుడు · బుధవారం, సాయంత్రం 5:00

ఆసుపత్రుల పేర్లు, ఒక డాక్టరు పేరు రాసిన రెండు పోస్టులు తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

హాస్టల్ సారు · బుధవారం, సాయంత్రం 6:22

నేను బీసీ హాస్టల్లో పనిచేస్తా. పిల్లలకి గజ్జి వస్తే పది మందిని ఆటోలో వేసుకుని జిల్లా ఆసుపత్రికి తిప్పేవాణ్ణి. రోజంతా పోయేది. ఒకసారి పీహెచ్‌సీ మేడమ్ "మీరు అక్కడికెందుకు పోతున్నారు?" అని అడిగి పెర్మెత్రిన్ లోషన్ ఇప్పించింది. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు చుట్టూ రాసి రాత్రంతా ఉంచి పొద్దున స్నానం. దురద ఉన్నవాడికే కాదు, ఒకే గదిలో పడుకునే అందరికీ ఒకే రాత్రి. దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టి ఎండలో వేశాం. వారానికి మళ్లీ ఒకసారి. గతంలో ముగ్గురికి రాసి ఇరవై మందిని వదిలేసేవాళ్లం, అందుకే పోయేది కాదని అప్పుడర్థమైంది.

నలభై మంది పిల్లలు వరసగా చొక్కాలు విప్పి నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గిలిగింతలని ఒకటే నవ్వులు.

పెన్నా గట్టు · బుధవారం, రాత్రి 8:47

సారూ, మీ పోస్టు చదివితే ఒళ్లంతా దురద పుట్టింది.

ఇంతకీ ఆ ఆభా (సర్కారు ఇచ్చే ఆరోగ్య ఐడీ) స్కానింగ్ ఎవరైనా వాడారా? ఆసుపత్రిలో గోడ మీద క్యూఆర్ కోడ్ పెట్టారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది, కౌంటర్లో పేరు, ఊరు మళ్లీ చెప్పక్కర్లేదు.

సింగరాయకొండ 2 · బుధవారం, రాత్రి 9:15

వాడాను. చీటీ క్యూ పది నిమిషాల్లో తెగిపోయింది. డాక్టరు క్యూ ఎప్పట్లానే ఉంది. గంట ముందు వెళ్లి బెంచీ మీద కూర్చున్నా, అంతే లాభం. అయినా ముసలివాళ్లని నిలబెట్టకుండా ఉంటుంది, అది తక్కువేం కాదు.

మాకు పనికొచ్చింది విలేజ్ క్లినిక్. అక్కడి ఎమ్మెల్‌హెచ్‌పీ (క్లినిక్ చూసుకునే నర్సమ్మ) ఈ-సంజీవనిలో, అంటే సర్కారు ఆన్‌లైన్ డాక్టరు సేవలో, వీడియో కలిపింది. పిల్లాడి తల మీద పుండ్లు అవతలి డాక్టరు చూసి మందు చెప్పాడు. బస్సు ఎక్కే పని లేకుండా పోయింది. సిగ్నల్ మాత్రం రెండుసార్లు తెగింది.

ఉదయగిరి అబ్బాయి · గురువారం, ఉదయం 10:33

మేమైతే కంగారు పడటం లేదు. మా నాన్నకి వీపు మీద, మోచేతి మీద పాలిపోయిన మచ్చలు ఏడాదిగా ఉన్నాయి. దురదా లేదు, నొప్పీ లేదు. అందుకే వచ్చే నెల పెళ్లి పనులయ్యాక నింపాదిగా చూపిద్దాం అనుకుంటున్నాం. పినాకిని రైల్లో చెన్నై వెళ్తే మధ్యాహ్నానికి గాని దిగం, ముందు రోజే పోవాలేమో. అక్కడ ఎక్కడ బాగుంటుంది?

చర్మవైద్య_పీజీ · గురువారం, మధ్యాహ్నం 1:02

తమ్ముడూ, దురద లేదు, నొప్పి లేదు అన్నావు చూడు, నన్ను కంగారు పెట్టింది అదే. ఈ సాయంత్రం ఒక పని చెయ్యి. నాన్నని కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో మెల్లగా మచ్చ మీద ఒకసారి, పక్కన బాగున్న చర్మం మీద ఒకసారి తాకు. తాకినచోట వేలు పెట్టి చూపించమను. ఏమైందో ఇక్కడ రాయి.

ఉదయగిరి అబ్బాయి · గురువారం, రాత్రి 8:58

పక్కన తాకితే చూపిస్తున్నాడు. మచ్చ మీద తాకితే "ఇంకా తాకలేదేంరా" అంటున్నాడు. ఆటలాడుతున్నాడేమో అనుకున్నా. నాలుగు సార్లు చేశా. అప్పుడు అమ్మ చెప్పింది, రెండు నెలల కింద టీ గిన్నె పట్టుకుని చిటికెన వేలు కాలినా ఆయనకి తెలియలేదంట. బొబ్బ వచ్చాక చూసుకున్నాడంట.

చర్మవైద్య_పీజీ · గురువారం, రాత్రి 9:20

చెన్నై వద్దు. పెళ్లి దాకా ఆగొద్దు. రేపు పొద్దున్నే మీ పీహెచ్‌సీకి వెళ్లి ఇదంతా ఇలాగే చెప్పు. డాక్టరు పరీక్ష చేసే నిర్ధారిస్తారు, నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ స్పర్శ లేని మచ్చ అంటే ముందు కుష్టు కాదని తేల్చుకోవాలి. 2005 చివరికి దేశస్థాయిలో పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని ప్రకటించారు. జనం మాత్రం అసలే లేదనుకున్నారు. ఉంది. మందులు పూర్తిగా ఉచితం, నయమవుతుంది. ఆలస్యమైతే నరం దెబ్బతిని వేళ్లు వంగిపోతాయి, అది మాత్రం వెనక్కి తేవడం కష్టం.

మందులషాపు మావ · గురువారం, రాత్రి 9:41

చూశారా, ఇందాకటి నుంచి మనం గంటలు లెక్కపెడుతున్నాం. ఆగకూడని వాడేమో ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాడు, ఆగినా కొంప మునగని మొటిమ ముందు వరసలో ఉంది. క్యూ పొడుగు తగ్గించడం తర్వాత సంగతి. గుమ్మం దగ్గర ఒక నర్సమ్మని కూర్చోబెట్టి "పొక్కులా? స్పర్శ ఉందా? కొత్త మాత్రలేమైనా మింగావా?" అని మూడు ప్రశ్నలు అడిగించొచ్చు కదా?

చర్మవైద్య_పీజీ · గురువారం, రాత్రి 10:05

ఆ మూడో ప్రశ్న ఎందుకో కూడా చెప్తా మావా. ఫిట్స్ మాత్రలు, సల్ఫా మాత్రలు, యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర, ఇలాంటివి కొత్తగా మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరం, నోట్లో పుళ్లు, ఎర్రబడ్డ కళ్లు, ఒంటి మీద బొబ్బలు వస్తే ఓపీకి రానే కూడదు. ఆ మాత్రల అట్ట చేత్తో పట్టుకుని నేరుగా క్యాజువాలిటీకి పోవాలి. మన వైపు అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి ఇంట్లో ఉంచేస్తారు. అలా ఆలస్యమై వచ్చిన కేసుని చూశాను, దాని గురించి ఇక్కడ రాయలేను.

అల్లూరు అన్నా, ఈసారి వచ్చేటప్పుడు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకుని రా. మొదట్లో ఎలా ఉందో ఫోటో ఉంటే చూపించు. ఆ పొద్దున పసుపు, నూనె, క్రీము ఏదీ రాయొద్దు, రాస్తే పొట్టు గీకి పరీక్ష చెయ్యడానికి ఇబ్బంది. అమ్మగారికి సిగ్గయితే ఆడ డాక్టరుని అడగొచ్చు, తప్పులేదు.

ఒంగోలు గిత్త · శుక్రవారం, ఉదయం 6:50

డాక్టరుగారూ, మీ మీద అరిచానని అనుకోకండి. మా అన్నకి చేతి తొడుగులు కొనిచ్చా. చెమట పడుతోందని తీసేస్తున్నాడు. లోపల నూలు తొడుగు వేసుకోమన్నా.

ఉదయగిరి అబ్బాయి · తర్వాతి బుధవారం, రాత్రి 7:30

శుక్రవారం వెళ్లాం. పీహెచ్‌సీలో మా ముందు నలుగురే ఉన్నారు. మచ్చలు మొత్తం ఏడు లెక్కపెట్టారు, రెండు మాకు తెలియనే తెలియవు. మోచేతి దగ్గర నరం తడిమి లావైందన్నారు. జిల్లా నుంచి కుష్టు విభాగం ఆయన కూడా వచ్చి చూసి నిర్ధారించారు. 12 నెలలు మందు. అట్టలో ఏ రోజు ఏ మాత్రో విడివిడిగా ఉంది. మూత్రం ఎర్రగా వస్తుందని, ఒంటి రంగు కొంచెం నల్లబడుతుందని ముందే చెప్పారు, చెప్పకపోతే మొదటి రోజే మానేసేవాళ్లం. ఇంట్లో మా అందరినీ పరీక్ష చేసి ఒక్కో డోసు మాత్ర మింగించారు.

ఒక సంగతి. ఆ రాత్రి అమ్మ నాన్నకి కంచం వేరుగా పెట్టింది. నాన్న ఏమీ అనకుండా తిన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

చర్మవైద్య_పీజీ · బుధవారం, రాత్రి 11:15

కంచం వేరు చెయ్యక్కర్లేదు తమ్ముడూ. మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటించే అవకాశం త్వరగానే పోతుంది. నువ్వు చెబితే అమ్మ నమ్మదేమో, ఆశా అక్కని ఇంటికి పిలిచి చెప్పించు. పెళ్లి ముందు వరసలో నాన్న ఉండాలి.

అల్లూరు_వాసి · తర్వాతి శనివారం, సాయంత్రం 4:12

నిన్న మళ్లీ వెళ్లాం. మూడు గంటలు కూర్చున్నాం, అందులో మార్పేమీ లేదు. ఈసారి ఆడ డాక్టరమ్మ చూసింది. అమ్మ సంచి బోర్లిస్తే ఏడు ట్యూబులు పడ్డాయి. డాక్టరమ్మ వాటిని వరసగా పెట్టి, ఐదింటిని వేలితో పక్కకి నెట్టింది. తొడల మీద తెల్ల చారలు చూపించి, ఇవి తామరవి కాదమ్మా, ఈ ట్యూబులవి అంది. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూశారు. మాత్రలు మార్చి ఆరు వారాలన్నారు, మధ్యలో రక్తపరీక్ష. చీరంచు తడిస్తే మార్చుకోమంటే అమ్మ నవ్వింది, గుంట గట్టు మీద ఎక్కడ మార్చుకుంటా అని. ప్యాంటు మీద ప్లాస్టిక్ బూట్లు వేసుకుంటానని ఒప్పుకుంది, చూద్దాం.

ఇంటికి రాగానే పక్కింటావిడ దగ్గరికి పోయి, తను ఇచ్చిన ట్యూబు వెనక్కి అడిగి తెచ్చుకుంది. ఆవిడ అప్పటికే కోడలికి రాసిందంట. సోమవారం వాళ్లని కూడా తీసుకెళ్తున్నా. ఆరున్నర బస్సుకే.